మొదటి ఇంజిన్‌గా గోడోనా, యూనిటీనా?

గంటస్తంభం:
అన్నలూ మాది విజయనగరం, డిప్లొమా ఫైనల్ ఇయర్. గేమ్స్ చెయ్యడం నేర్చుకోవాలని బాగా ఉంది, లాప్‌టాప్ చూస్తే 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్ లేదు. గేమ్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ (ఇంజిన్) ఏదంటే సగం మంది యూనిటీ అంటన్నారు, సగం మంది గోడో అంటన్నారు. దేంతో మొదలెట్టాలి?

నాగావళి గట్టు:
తమ్ముడూ, గోడో. ఆ ర్యామ్ మీద యూనిటీ తెరిస్తే పక్కన ట్యుటోరియల్ కూడా పెట్టుకోలేవు. గోడోకి ఇన్‌స్టాలేషనే లేదు, జిప్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే చాలు. కొత్త ప్రాజెక్ట్‌లో రెండరర్ (బొమ్మల్ని తెర మీద గీసే భాగం) ఏది కావాలో అడుగుతాది, కంపాటిబిలిటీ పెట్టు, పాత మెషీన్లలో అదే నడుస్తాది.

బొంకులదిబ్బ:
ర్యామ్ సంగతి సరేనండి, మరి ఉద్యోగమో? హైదరాబాద్ వైపు ప్రకటనల్లో నాకు ఎక్కువ కనపడేది యూనిటీ, దాన్లో కోడ్ రాసే సీ షార్ప్ భాష. గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్, గోడో దాటితే ఎక్కడా పనికిరాదు. ఇంట్లో ఫీజులు కట్టి చదివించారు, రేపు ఈ ఆటలేటిరా అంటే కుర్రోడు ఏం చెప్పాలి?

నాగావళి గట్టు:
ఉద్యోగం మాట కాదనను, మన జిల్లాల పిల్లలు ఊరు దాటేదే దానికోసం. కానీ 2023 సెప్టెంబర్‌లో యూనిటీ వాళ్లు ఇన్‌స్టాల్‌కి ఇంతని రన్‌టైమ్ ఫీజు అన్నారు, డెవలపర్లు గొడవ చేస్తే 2024 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. గోడోది ఎంఐటీ లైసెన్స్, అంటే ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు, ఆ భయం లేదు. అయినా నేర్చుకునేది ఇంజిన్ పేరా చెప్పండి? బొమ్మని ఫ్రేమ్‌కి (తెర మీద ఒక్కోసారి గీసే చిత్రానికి) 5 పిక్సెల్స్ జరపమని రాస్తే సెకనుకి 60 ఫ్రేమ్స్ వచ్చే మెషీన్‌లో సెకనుకి 300 పోతాది, ఈ తమ్ముడి లాప్‌టాప్‌లో 30 ఫ్రేమ్సే వస్తే 150, అదే గేమ్ అదే బొమ్మ సగం స్పీడు. అందుకే స్పీడ్ సెకనుకి ఇన్ని పిక్సెల్స్ అని పెట్టి, దాన్ని డెల్టాతో, అంటే కిందటి ఫ్రేమ్ నుంచి గడిచిన టైమ్‌తో గుణిస్తాం. యూనిటీలో దాన్నే డెల్టాటైమ్ అంటారు, లెక్క ఒకటే.

బొంకులదిబ్బ:
లెక్క ఒకటే, ఒప్పుకున్నా. టైపులు, క్లాసులు మొదట్నించీ అలవాటవ్వాలనే నా పట్టు. గోడోలోనూ సీ షార్ప్ వెర్షన్ ఉంది కదా, అదైనా పట్టుకోమనండి.

నాగావళి గట్టు:
గోడో 4లో సీ షార్ప్‌తో రాస్తే వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ అవదండి. జీడీస్క్రిప్ట్‌లో రాస్తే లింక్ పంపితే చాలు, ఫ్రెండ్స్ బ్రౌజర్‌లోనే ఆడేస్తారు. మొదటి గేమ్‌కి అంతకంటే ఊపు ఏటుంటాది?

గంటస్తంభం:
గోడో దించేశానన్నా. సిరిమానోత్సవం మీద చిన్న టూడీ గేమ్ అనుకున్నా, జనం అరటిపళ్లు విసురుతుంటే పట్టుకోవాలి. మాను (పూజారి కూర్చునే పొడుగు చెట్టు మొద్దు) బొమ్మ తిప్పితే మధ్యలోంచి తిరుగుతోంది, మొదలు దగ్గర్నుంచి ఎలా?

బొంకులదిబ్బ:
మొదలు ఉండాల్సిన చోట ఖాళీ నోడ్ (గేమ్‌లో బొమ్మలూ అవీ తగిలించే ముక్క) పెట్టు బాబూ, మాను బొమ్మని దానికి చైల్డ్ చేసి, అంటే అది తిరిగితే ఇదీ తిరిగేలా తగిలించి, పైకి జరుపు, తిప్పేది మాత్రం ఖాళీ నోడ్‌ని. యూనిటీలో అయినా ఇంతే.