కొనుగోలు బిల్లుల ఆమోదానికి లో-కోడ్ యాప్ సరిపోతుందా, కోడ్ రాయించుకోవాలా?

పటాన్‌చెరు_స్టోర్స్

మూడు యూనిట్ల తయారీ కంపెనీ. నెలకు 400 దాకా కొనుగోలు బిల్లులు. ఇప్పటి పద్ధతి ఇది: స్టోర్స్‌లో సరుకు దిగాక బిల్లు స్కాన్ చేసి మెయిల్ పెడతారు, విభాగాధిపతి "ఓకే" అని రిప్లై ఇస్తారు, అకౌంట్స్ వాళ్లు ఎక్సెల్‌లో రాసుకుని టాలీప్రైమ్‌లో ఎక్కిస్తారు. 2 లక్షలు దాటితే ఎండీ గారి ఆమోదం కావాలి. ఏ బిల్లు ఎవరి దగ్గర ఆగిందో తెలియదు. ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కడమూ ఉంది.

60 మందికి మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ లైసెన్సులు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి షేర్‌పాయింట్ లిస్టు (పట్టికలా డేటా దాచేది), పవర్ యాప్స్ (తెరలు కట్టేది), పవర్ ఆటోమేట్ (పనులను దానంతటదే నడిపేది, అలా కట్టిన ఒక్కో పనిని 'ఫ్లో' అంటారు) వాడి లో-కోడ్ పద్ధతిలో, అంటే పెద్దగా కోడ్ రాయకుండా, లోపలే కట్టుకుందామని కొందరు, బయట డెవలపర్‌తో రాయిద్దామని కొందరు. మీరేమంటారు? కారణాలతో చెప్పండి.

బ్యాకెండ్_బాచుపల్లి

డబ్బు చెల్లింపుతో ముడిపడ్డ పనికి షేర్‌పాయింట్ లిస్టును డేటాబేస్‌గా వాడొద్దు.

పవర్ యాప్స్‌లో డెలిగేషన్ అని ఒకటుంది. మీరు రాసిన ఫిల్టర్‌ను షేర్‌పాయింట్ సర్వరే నడపగలిగితే సరే. నడపలేకపోతే యాప్ మొదటి 500 రోలు (వరుసలు) తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగ్స్‌లో ఈ పరిమితిని 2,000 వరకే పెంచగలరు. సెర్చ్ ఫంక్షన్, పదం మధ్యలో వెతికే 'ఇన్', రెండూ షేర్‌పాయింట్ దగ్గర డెలిగేట్ కావు. నెలకు 400 అంటే రెండో నెలలోనే 500 దాటతారు, పరిమితి పెంచినా ఐదో నెల చివరికి 2,000 నిండుతుంది. ఆరో నెలలో అకౌంట్స్ క్లర్కు బిల్లు నంబరు కొట్టి వెతికితే, కొత్తగా ఎక్కిన బిల్లు ఉండి కూడా లేనట్టే చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. హెచ్చరిక త్రికోణం యాప్ కట్టినవాళ్ల ఎడిటర్‌లోనే కనబడుతుంది, వాడేవాళ్లకు కనబడదు. లేదనుకుని మళ్లీ ఎక్కిస్తారు. ఏ జబ్బు పోవాలని యాప్ కడుతున్నారో అదే తిరిగొస్తుంది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమం) పెడితే రెండో బిల్లు లోపలికే రాదు. వెబ్ యాప్‌లు రాయడానికి వాడే జాంగో తీసుకుంటే అడ్మిన్ స్క్రీన్లు సగం తయారుగా వస్తాయి. చిన్న పనే.

ఫ్లో_వైజాగ్

బాచుపల్లి గారు చెప్పిన డెలిగేషన్ సంగతి నిజమే, అది షేర్‌పాయింట్ లోపమన్నట్టు చెప్పడం మాత్రం సరికాదు. టెక్స్ట్ కాలమ్ మీద సూటిగా 'సమానం' పోలిక, స్టార్ట్స్‌విత్ (మొదటి అక్షరాలతో వెతకడం), రెండూ డెలిగేట్ అవుతాయి. బిల్లు నంబరును లోయర్ (చిన్నక్షరాలు చేసేది) లేదా ట్రిమ్ (ఖాళీలు తీసేది) ఫంక్షన్‌లో చుట్టి పోల్చినప్పుడే చెడుతుంది. శుభ్రం చేసే పనంతా సేవ్ చేసేటప్పుడే చేసి, ఫలితాన్ని వేరే కాలమ్‌లో దాచాలి. వెతికేటప్పుడు ఆ కాలమ్‌తోనే పోల్చాలి.

యూనిక్ కన్‌స్ట్రెయింట్ లిస్టులోనూ ఉంది. ఆ కాలమ్ సెట్టింగ్స్‌లో విలువలు ప్రత్యేకంగా ఉండాలన్న ఐచ్ఛికం ఆన్ చేయండి. దానికి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సిస్టమ్ పెట్టుకునే సూచిక) తప్పనిసరి, అడిగినప్పుడు ఒప్పుకోండి. ఆ తర్వాత డూప్లికేట్‌ను యాప్ వదిలేసినా లిస్టు ఒప్పుకోదు. ఎక్సెల్ నుంచి అతికించినా ఒప్పుకోదు.

మరో మాట. స్థితి, విభాగం, బిల్లు తేదీ కాలమ్‌లకు ఇండెక్స్ మొదటి రోజే పెట్టండి. లిస్టులో 5,000 దాటాక ఇండెక్స్ లేని కాలమ్ మీద ఫిల్టర్ మొరాయిస్తుంది. మీ లెక్కన పదమూడో నెల. లిస్టు మూడు కోట్ల ఐటెమ్‌ల దాకా మోస్తుంది, కాబట్టి నిండిపోతుందన్న భయం అక్కర్లేదు.

టెస్ట్ చేసేటప్పుడు ఆ 500 పరిమితిని 1కి దించండి. డెలిగేట్ కాని ఫార్ములా ఉన్న ప్రతి స్క్రీన్‌లోనూ ఒక్క రో మాత్రమే కనబడుతుంది, తప్పులన్నీ ఆ పూటే బయటపడతాయి.

సీఏ_హన్మకొండ

ఆ ప్రత్యేక కాలమ్‌లో ఏం పెడతారన్నది ముందు తేల్చుకోండి. బిల్లు నంబరు ఒక్కటే పెడితే మొదటి వారమే ఆగిపోతారు, 'ఐఎన్‌వి 001' పది మంది సరఫరాదారుల దగ్గరా ఉంటుంది. జీఎస్టీ నిబంధన 46 ప్రకారం ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలకు మించకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. కాబట్టి కీలో, అంటే బిల్లును గుర్తించే ఆ ప్రత్యేక విలువలో, మూడూ ఉండాలి: 15 అక్షరాల జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, ఇన్‌వాయిస్ నంబరు. సంవత్సరాన్ని బిల్లు మీది తేదీ నుంచి లెక్కించాలి. మార్చి 31 బిల్లు స్కాన్ కాపీ ఆ రోజే ఎక్కుతుంది, అసలు కాగితం ఏప్రిల్ 5న చేతికొస్తుంది. ఎక్కించిన తేదీ పట్టుకుంటే అదే బిల్లు రెండు కీలతో రెండుసార్లు చేరుతుంది. రిజిస్ట్రేషన్ లేని సరఫరాదారుకు జీఎస్టీ నంబరు ఉండదు, అక్కడ మీ వెండర్ కోడ్ వాడండి.

సరుకు అందిన తేదీకి వేరే కాలమ్ ఉండాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే ఆదాయపు పన్ను చట్టం కింద (1961 నాటి చట్టంలో ఇది సెక్షన్ 43బి(హెచ్)) ఆ ఖర్చు చెల్లించిన సంవత్సరంలోనే తగ్గింపుకు వస్తుంది. గడువు సరుకు స్వీకరించిన రోజు నుంచి నడుస్తుంది, బిల్లు తేదీ నుంచి కాదు. మామూలుగా ఆమోదాల యాప్‌లో ఈ కాలమ్ ఉండదు. మార్చిలో అందరూ గేటు రిజిస్టర్లు తిరగేస్తారు.

బ్యాకెండ్_బాచుపల్లి

కీ గురించి సీఏ గారు చెప్పింది బాగుంది. ఒక జాగ్రత్త: శుభ్రం చేయడమంటే ఖాళీలు తీసేసి పెద్దక్షరాల్లోకి మార్చడం వరకే. హైఫన్లు, స్లాష్‌లు తీసేయొద్దు. 1/12, 11/2 రెండూ 112 అయిపోతాయి, నిఖార్సయిన బిల్లు డూప్లికేటని తిరిగొస్తుంది.

డెలిగేషన్ మీద నా వాదన సగం తగ్గించుకుంటాను. అసలు అభ్యంతరం అనుమతుల దగ్గరుంది, దానికి జవాబివ్వండి వైజాగ్ గారూ. పవర్ యాప్స్ షేర్‌పాయింట్‌తో మాట్లాడేది వాడుకరి సొంత హక్కులతో. స్టోర్స్ మనిషి యాప్‌లో బిల్లు నమోదు చేయాలంటే లిస్టు మీద ఎడిట్ హక్కు ఇవ్వాల్సిందే. అంటే అదే మనిషి బ్రౌజర్‌లో లిస్టు తెరిచి, మొత్తాన్ని 48,000 నుంచి 84,000 చేయగలడు, స్థితిని 'ఆమోదించబడింది' అని మార్చగలడు. యాప్‌లో బటన్ దాచిపెట్టినంత మాత్రాన అది భద్రత కాదు.

ఫ్లో_వైజాగ్

ఇది చాలా యాప్‌లలో నిజంగానే ఉన్న కన్నం. మూసే దారి ఉంది, ఓపిగ్గా చేయాలి.

రెండు లిస్టులు పెట్టండి. 'నమోదు' లిస్టులో స్టోర్స్ వాళ్లకు ఎడిట్. 'ఆమోదాలు' లిస్టుకు సైటు నుంచి వచ్చే అనుమతులు తెంపేసి, అందరికీ చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. రాసే హక్కు ఒక్క సర్వీస్ అకౌంటుకే (ఏ మనిషిదీ కాని, సిస్టమ్ పనులకే పెట్టిన ఖాతా). విభాగాధిపతి యాప్‌లో బటన్ నొక్కితే ఫ్లో నడుస్తుంది. ఆ ఫ్లో వివరాల పేజీలో 'రన్ ఓన్లీ యూజర్స్' అన్నచోట షేర్‌పాయింట్ కనెక్షన్‌ను సర్వీస్ అకౌంటుదిగా మార్చండి. మామూలుగా అది నొక్కినవాళ్ల కనెక్షన్‌తో నడిచేలా ఉంటుంది, ఇది మార్చడం మరిచిపోతే మొత్తం ఏర్పాటు వృథా.

ఎవరు నొక్కారన్నది యాప్ పంపిన విలువను నమ్మి రాయకండి. పవర్ యాప్స్ రెండో వెర్షన్ ట్రిగ్గర్ (ఫ్లోను మొదలుపెట్టే సంకేతం) హెడర్లలో, అంటే సిస్టమే జోడించే సమాచారంలో, వాడుకరి ఈమెయిల్ వస్తుంది, దాన్నే తీసుకుని ఆ విభాగానికి ఆ మనిషికి అధికారం ఉందో లేదో ఫ్లోలోనే చూడాలి. 2 లక్షల హద్దు కూడా ఫ్లోలోనే. ఆమోదం పడిన క్షణంలో మొత్తం, కీ, జీఎస్టీ నంబరు 'ఆమోదాలు' లిస్టులోకి కాపీ అవ్వాలి. టాలీకి వెళ్లేది ఆ కాపీ. తర్వాత 'నమోదు'లో ఎవరు ఏం మార్చినా చెల్లింపు మారదు. వెర్షన్ చరిత్ర రెండింటికీ ఆన్.

బ్యాకెండ్_బాచుపల్లి

రెండు లిస్టులు, సర్వీస్ అకౌంటు, హెడర్ నుంచి ఈమెయిల్, ఫ్లోలో అధికార పరీక్ష. ఇదంతా ప్రోగ్రామింగే. దీన్ని తెలిసి చేయగల మనిషి కంపెనీలో ఉంటే అదే మనిషి జాంగో కూడా నేర్చుకోగలడు. అలాంటి మనిషి లేని చోట "లోపలే కట్టుకుందాం" అంటే ఆ కన్నంతోనే నడుస్తుంది. పైగా కోడ్‌ను గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనం) పెట్టి ఎవరు ఎప్పుడు ఏ వరుస మార్చారో చూడొచ్చు. మీ ఫ్లోలో ఒక షరతు మారితే ఎవరికి తెలుస్తుంది?

అడ్మిన్_నిజాంపేట

మార్పులు పట్టుకోవడం కష్టమన్నది ఒప్పుకుంటాను. జాంగో వైపు ఖర్చు మాత్రం చెప్పకుండా వదిలేస్తున్నారు. సర్వరు, రోజువారీ బ్యాకప్, ఆ బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూడటం, సెక్యూరిటీ ప్యాచ్‌లు, లాగిన్. రాసిన డెవలపర్ ఏడాది తర్వాత వేరే పనిలో ఉంటారు. 60 మంది కంపెనీలో వీటిని చూసే మనిషి ఎవరు? చిన్న కంపెనీల సొంత యాప్‌లు ఎక్కువగా ఆగిపోయేది కోడ్ చెడ్డదై కాదు, దిక్కు లేక.

లో-కోడ్‌లో దిక్కులేనితనం ఇంకో రూపంలో వస్తుంది. ఫ్లో కట్టిన మనిషి కనెక్షన్ మీదే నడుస్తుంది. పాస్‌వర్డ్ మారినా, ఉద్యోగం వదిలినా ఆగుతుంది. వరసగా 14 రోజులు విఫలమైతే సిస్టమే దాన్ని ఆపేస్తుంది. హెచ్చరిక మెయిల్ వెళ్లేది ఫ్లో యజమానికి, ఆ మెయిల్‌బాక్స్ అప్పటికే మూతపడి ఉంటుంది. కాబట్టి యజమాని సర్వీస్ అకౌంటు, సహ యజమానులుగా ఇద్దరు మనుషులు. రన్ చరిత్ర 28 రోజులే ఉంటుంది, ఆడిట్‌కు దాన్ని నమ్ముకోకండి.

ఇంకో మూడు చోట్ల జనం ఇరుక్కుంటారు. 'ఆమోదం కోసం ఆగు' అన్న స్టెప్‌లో ఫ్లో 30 రోజులకు మించి నిలబడదు. ఎండీ గారు ఊళ్లో లేక 31వ రోజు నొక్కితే ఆ రన్ చచ్చిపోయి ఉంటుంది. ఫ్లోను ఆపి ఉంచకండి, స్థితిని లిస్టులో రాసి వదిలేయండి. రోజూ ఉదయం నడిచే వేరే ఫ్లో పెండింగ్ ఉన్నవాళ్లకు గుర్తుచేస్తుంది. ఆ ఉదయం ఫ్లోలో 'గెట్ ఐటెమ్స్' మామూలుగా 100 రోలే తెస్తుంది. పేజినేషన్ (మిగతా రోలు కూడా విడతలుగా తేవడం) ఆన్ చేయకపోతే 101వ పెండింగ్ బిల్లు గురించి ఎవరికీ మెయిల్ వెళ్లదు. మూడోది, ఐటెమ్ మారినప్పుడు నడిచే ఫ్లో అదే ఐటెమ్‌ను మారిస్తే తనను తానే మళ్లీ పిలుచుకుంటుంది. ట్రిగ్గర్ షరతులో 'స్థితి సమర్పించబడింది అయితేనే' అని పెట్టాలి. లోపల ఇఫ్ పెడితే చాలదు, రన్ అప్పటికే మొదలైపోయి ఉంటుంది.

పటాన్‌చెరు_స్టోర్స్

చాలా ఉపయోగం అండీ. టాలీలోకి నేరుగా పంపించొచ్చా? మళ్లీ చేత్తో ఎక్కిస్తే సగం లాభం పోతుంది. బిల్లులకు మా సొంత వరస నంబరు కూడా కావాలంటున్నారు.

ఫ్లో_వైజాగ్

వరస నంబరుకు యాప్‌లో 'గరిష్ఠ సంఖ్యకు ఒకటి కలుపు' అని రాయకండి. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ఒకే నంబరు. లిస్టు తానే ఇచ్చే ఐడీ వాడుకోండి. మధ్యలో ఖాళీలు వస్తాయి, రానివ్వండి.

టాలీ ఆఫీసు కంప్యూటర్‌లో 9000 పోర్టు మీద ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలో డేటా తీసుకుంటుంది. క్లౌడ్ నుంచి ఫ్లో అక్కడికి చేరాలంటే గేట్‌వే (ఆఫీసు కంప్యూటర్‌ను క్లౌడ్‌తో కలిపే వంతెన), దాంతోపాటు హెచ్‌టీటీపీ లేదా కస్టమ్ కనెక్టర్ కావాలి. ఇవి మీ 365 లైసెన్సులో రావు, ప్రీమియం. పవర్ యాప్స్ ప్రీమియం జాబితా ధర మనిషికి నెలకు 20 డాలర్లు. 60 మందికీ కొంటే నెలకు 1,200 డాలర్లు. "ఉన్న లైసెన్సుతోనే" అన్న లెక్క అక్కడ తలకిందులవుతుంది. మీ పరిమాణానికి అది వద్దు. రోజుకొకసారి ఆమోదమైన బిల్లుల ఎక్సెల్ ఫైలు తయారు చేయించి టాలీప్రైమ్‌లో ఇంపోర్ట్ చేసుకోండి, 4.0 రిలీజ్ నుంచి ఎక్సెల్ ఇంపోర్ట్ ఉంది. లెడ్జర్ పేరు, అంటే సరఫరాదారు ఖాతా పేరు, టాలీ మాస్టర్‌లో (ఖాతాల జాబితాలో) ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి, కాబట్టి యాప్‌లో సరఫరాదారు పేరు టైపు చేయనివ్వకండి, జాబితా నుంచే ఎంచుకోవాలి. ఫైలులోకి వెళ్లిన ప్రతి రోకూ బ్యాచ్ నంబరు పడాలి, లేకపోతే ఒకే రోజు ఫైలు రెండుసార్లు ఎక్కుతుంది.

బ్యాకెండ్_బాచుపల్లి

ఈ పరిమాణానికి, ఈ ఏర్పాట్లన్నీ చేస్తే, లో-కోడ్‌కు అడ్డుచెప్పను. కానీ సరఫరాదారులు బయటి నుంచి లాగిన్ అయి బిల్లు స్థితి చూసుకునే పోర్టల్ కావాలని రేపు అడుగుతారు. అప్పుడు ఇదే లిస్టును బయటికి తెరవకండి. 2021లో పవర్ యాప్స్ పోర్టల్స్‌లో టేబుల్ అనుమతులు ఆన్ చేయకుండా వదిలేసిన సంస్థల నుంచి 3.8 కోట్ల రికార్డులు బహిరంగంగా కనబడ్డాయని అప్‌గార్డ్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. బయటివాళ్లకు చూపించేది వేరే చోట, వేరే కాపీగా ఉండాలి. అక్కడ కోడ్ రాయించుకోవడమే మేలని ఇప్పటికీ అంటాను.

సీఏ_హన్మకొండ

సరఫరాదారు బ్యాంకు ఖాతా నంబరును ఈ యాప్‌లో పెట్టకండి, బిల్లు ఫారంలో అసలే వద్దు. "మా ఖాతా మారింది" అని వచ్చే మెయిల్‌తో డబ్బు పోయేది అక్కడే. ఖాతా మార్పు టాలీ మాస్టర్‌లో ఇద్దరి చేతుల మీదుగా జరగాలి, మార్చేముందు పాత ఫోన్ నంబరుకే చేసి అడగాలి. మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు కాదు. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పుల జాడ ఉండాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది; టాలీలో ఎడిట్ లాగ్ నడుస్తోందో లేదో యాప్ మొదలుపెట్టకముందే చూసుకోండి.