పాత జోడియాక్ 601 ఎక్స్‌ఎల్‌కి ఇంకో విమానం రెక్కలు పెట్టొచ్చా?

తెనాలి పైలట్:

అందరికీ నమస్కారం. మాది తెనాలి. ఇప్పుడు టెక్సస్‌లో డెంటన్ దగ్గర ఉంటున్నాం. నాకు స్పోర్ట్ పైలట్ లైసెన్స్ ఉంది. నాలుగేళ్ల క్రితం ఒక జోడియాక్ సీహెచ్ 601 ఎక్స్‌ఎల్ అనే చిన్న రెండు సీట్ల విమానం కొన్నాను. ఒక రిటైర్డ్ టీచర్ తన గ్యారేజీలో కిట్ తెచ్చుకుని కట్టుకున్నది, 2007లో మొదటిసారి ఎగిరింది. కాగితాల్లో ఎక్స్‌పెరిమెంటల్, అమెచ్యూర్ బిల్ట్ అని ఉంది, అంటే ఫ్యాక్టరీలో కాక సొంతంగా కట్టుకున్నదని.

మొన్న ఏప్రిల్‌లో గాలివానకి కట్టుతాడు తెగి, విమానం పక్కకి తిరిగి కుడి రెక్క హ్యాంగర్ ఇనుప స్తంభానికి కొట్టుకుంది. రెక్క ముందంచు లోపలికి నొక్కుకుపోయింది, ట్యాంకు కారుతోంది. అంతకన్నా భయపెట్టింది ఇంకోటి. రెక్క మొదట్లో, స్పార్‌కి (రెక్క బరువు మోసే లోపలి దూలానికి) దగ్గరగా, పైరేకు మీద చీర కుచ్చిళ్లలా మూడు ముడతలు వచ్చాయి. ఆ రోజు దాని పక్కన కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

ఓక్లహోమాలో ఒకాయన దగ్గర ఇదే మోడల్ రెక్కలు జతగా ఉన్నాయట. 2006లో ఫ్యాక్టరీలో తయారైన విమానానివి. పశువుల కొట్టంలో భద్రంగా పెట్టానంటున్నాడు, 3,500 డాలర్లు అడుగుతున్నాడు. కుడిది ఒక్కటి తీసుకుని బిగిస్తే సరిపోతుందా, రెండూ మార్చాలా? డిసెంబర్‌లో నాన్న వస్తున్నాడు, ఎక్కించి తిప్పుతానని మాటిచ్చాను. నా విమానానికి 2010లో అప్‌గ్రేడ్ చేసినట్టు లాగ్‌బుక్‌లో ఉంది, అది కూడా చెబుతున్నాను.

విచిటా మెకానిక్:

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు నువ్వు చివర్లో రాసిన వాక్యంలోనే ఉంది.

601 ఎక్స్‌ఎల్ చరిత్ర నీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. 2006 నుంచి మూడేళ్లలో ఈ మోడల్ విమానాలు ఆరు గాల్లోనే విరిగిపోయాయి, పదిమంది చనిపోయారు. 2009 ఏప్రిల్‌లో అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ వీటిని నేలమీదే ఆపేయమని సిఫారసు చేసింది. వాళ్లు ముఖ్యంగా అనుమానించింది ఫ్లట్టర్‌ని. ఎయిలెరాన్ (విమానాన్ని పక్కకి వంచడానికి రెక్క వెనకంచున కదిలే పలక) కేబుల్ వదులైతే ఎయిలెరాన్ అదరడం మొదలవుతుంది, ఆ అదురుకి రెక్క మెలికలు తిరుగుతుంది, ఆ మెలిక మళ్లీ అదురుని పెంచుతుంది. పైలట్‌కి అర్థమయ్యేలోపే అయిపోతుంది. ఆ నవంబర్‌లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒక సేఫ్టీ బులెటిన్ ఇచ్చింది. దాంతోపాటే అప్‌గ్రేడ్ వచ్చింది: రెక్కల స్పార్‌కి, విమానం పొట్టలో ఉండే సెంటర్ స్పార్‌కి అదనపు బలం, ఎయిలెరాన్లకి బరువు దిమ్మలు.

నీ సెంటర్ స్పార్ అప్‌గ్రేడ్ అయింది. మరి కొట్టంలో ఉన్న రెక్కలు? 2006వి అంటున్నావు. ఆ విమానం 2009కి ముందే ఎగరడం ఆపేస్తే వాటికి అప్‌గ్రేడ్ జరిగి ఉండే అవకాశమే లేదు. ఆ రెక్క పెడితే గట్టి భుజానికి బలహీనమైన చెయ్యి తగిలించినట్టే. ముందు ఆ రెక్కల లాగ్‌బుక్ కాపీ అడుగు. లేదంటే ఆ సంగతి అక్కడితో వదిలెయ్యి.

కాగితాల విషయంలో నీకు కాస్త వెసులుబాటు ఉంది. ఫ్యాక్టరీలో తయారై లైట్ స్పోర్ట్ సర్టిఫికెట్‌తో వచ్చినదైతే, తయారీదారు ఒప్పుకోకుండా ఇలాంటి మార్పు ముట్టుకోకూడదు, వాళ్లిచ్చే సేఫ్టీ డైరెక్టివ్ (భద్రతా ఆదేశం) పాటించి తీరాలి. నీది అమెచ్యూర్ బిల్ట్ కాబట్టి పని నువ్వే చేసుకోవచ్చు. ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్ మాత్రం ఏ అండ్ పీ మెకానిక్ (ఎఫ్‌ఏఏ లైసెన్స్ ఉన్న విమాన మెకానిక్) గానీ, దానికి ఎఫ్‌ఏఏ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు గానీ చెయ్యాలి, కట్టిన టీచర్‌కి ఉన్న హక్కు నీకు దానంతటదే రాదు. చట్టం వదిలింది కదా అని గాలి వదలదు, అది గుర్తుపెట్టుకో.

దుండిగల్ పాత ఫిట్టర్:

బాబూ, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని. దుండిగల్‌లో కిరణ్ శిక్షణ విమానాల మీద చాలా ఏళ్లు పనిచేశాను. మీ చిన్న విమానం నాకు తెలియదు కానీ అల్యూమినియం తెలుసు.

ఆ రెక్కలు చూడటానికి వెళితే టార్చ్, చిన్న అద్దం, భూతద్దం పట్టుకెళ్లు. పశువుల కొట్టమంటే తేమ, మూత్రం ఆవిరి. అల్యూమినియానికి అంతకన్నా చెడ్డ చోటు లేదు. రివెట్ తల చుట్టూ నల్లటి మరక ఉంటే ఆ రివెట్ ఆడుతోందని అర్థం. రేకుల అతుకుల దగ్గర తెల్లటి పొడి, ఉబ్బు ఉంటే లోపల తినేస్తోంది. ఎలుకలు గూడు పెట్టాయేమో కూడా చూడు.

తర్వాత బోల్టు కన్నాలు. రెక్క వెనక స్పార్‌ని బాడీకి పట్టి ఉంచే కన్నం మరీ ముఖ్యం. కన్నం మధ్య నుంచి రేకు అంచుకి బోల్టు వ్యాసానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. ఒక విమానానికి సరిపోయేలా వేసిన కన్నం ఇంకో విమానానికి అచ్చంగా సరిపోదు. సరిపోవట్లేదని రీమర్ (కన్నం వెడల్పు చేసే పనిముట్టు) పెట్టి కోలగా చేస్తే ఆ దూరం పోతుంది. చాలామంది అక్కడే తప్పు చేస్తారు. నా కళ్లముందు ఒక కుర్రాడు అలా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

రెక్క ఒకటి మార్చినా రెండు మార్చినా, బిగించాక రెండు చివరల నుంచి తోక మీద ఒకే బిందువుకి దారం లాగి కొలువు. తర్వాత రెండు రెక్కల వాలు కోణం కూడా సరిచూడు. బరువు మళ్లీ తూచాలి.

మిస్సోరి కిట్ బిల్డర్:

నేను 601 ఎక్స్‌ఎల్ తర్వాత వచ్చిన 650 మోడల్ కట్టాను, అదే రెక్క కుటుంబం. మిస్సోరి రాష్ట్రంలోని మెక్సికో అనే ఊళ్లో ఈ కిట్లు తయారుచేసే జెనిత్ ఫ్యాక్టరీ ఉంది, రెక్కల కిట్ విడిగా అమ్ముతారు. మీ విమానం సీరియల్ నంబర్ చెప్పి ఏది సరిపోతుందో వాళ్లనే అడగండి. ఒక వైపు నుంచే లాగి బిగించే పుల్ రివెట్లు కాబట్టి ఒక్కరే చేసుకోవచ్చు. నేను వాళ్ల రడ్డర్ (తోక మీద నిలువుగా కదిలే పలక) వర్క్‌షాప్‌కి వెళ్లాను, రెండు రోజుల్లో ఒక రడ్డర్ తయారుచేసి కారులో ఇంటికి తెచ్చుకున్నాను. ఆ తర్వాత రెక్క అంటే భయం పోయింది. డిసెంబర్ మాత్రం మర్చిపోండి.

తెనాలి పైలట్:

అందరికీ చాలా థాంక్స్. శనివారం ఓక్లహోమా వెళ్లొచ్చాను, పోను రాను ఆరుగంటల డ్రైవ్. ఫిట్టర్ గారు చెప్పినట్టే టార్చ్, అద్దం పట్టుకెళ్లాను.

లాగ్‌బుక్‌లో చివరి ఎంట్రీ 2008. అప్‌గ్రేడ్ లేదు, ఎయిలెరాన్లకి బరువులు లేవు. ఎడమ రెక్క వెనక కన్నం గుండ్రంగా లేదు, నా కంటికే తెలిసింది. కుడి రెక్క లోపల ఎలుకల గూడు, దాని కింద అరచెయ్యంత తెల్లటి పొర. అమ్మే ఆయన మంచివాడే, ఆయనకీ తెలియదు. అద్దం చేతికిచ్చి చూపిస్తే ఆయన మొహం పాలిపోయింది. వాటిని ఇంకెవరికీ ఎగరడానికి అమ్మనని నాతో అన్నాడు, అది విని నాకు మనసు కుదుటపడింది.

ఫ్యాక్టరీతో మాట్లాడి కొత్త రెక్కల కిట్టే కొనాలని నిర్ణయించుకున్నాను, రెండు వైపులకీ. ఖర్చు బాగా ఎక్కువ, మా ఆవిడతో కూర్చుని లెక్క వేసుకున్నాం. తనే అంది, సగం పాత రెక్కతో నువ్వు పైకి వెళ్తే నేను కింద నిలబడలేను అని. సెంటర్ స్పార్ దెబ్బ తగల్లేదని మా మెకానిక్ బోల్టులన్నీ తీసి చూసి చెబితేనే ఆర్డర్ పెడతాను.

నాన్నకి ఫోన్ చేసి ఈసారి ఎగరలేమని చెప్పాను. ఆయన గుంటూరు ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు టింకరింగ్ చేసినవాడు. బాధపడతాడనుకున్నాను. రేకు మందం ఎంత అని అడిగాడు. హ్యాంగర్‌కి వెళ్లి మైక్రోమీటర్‌తో కొలిచి చెప్పాను. అంత పల్చటి రేకైతే తన పాత సుత్తులు పనికిరావట, చెయ్యి ఊరికే ఉండదు, రివెట్ గన్ నాకు నేర్పు అన్నాడు. డిసెంబర్‌లో ఇద్దరం కలిసి కుడి రెక్క మొదలుపెడతాం.

విచిటా మెకానిక్:

మంచి పని చేశావు. అయ్యాక ఇది పెద్ద మార్పు కిందకి వస్తుంది, నీ ఆపరేటింగ్ లిమిటేషన్స్ (నీ విమానానికి ఎఫ్‌ఏఏ ఇచ్చిన షరతుల కాగితం) చదువు. మామూలుగా ఎఫ్‌ఏఏకి ముందే తెలియజేసి, కనీసం 5 గంటలు ఒక్కడివే టెస్ట్ ఫ్లైట్ చెయ్యాలని ఉంటుంది. మొదటి ఫ్లైట్ ముందురోజు ఎయిలెరాన్ కేబుల్ టెన్షన్ మీటర్ పెట్టి కొలిచి, ఆ అంకె ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.