శాంక్షన్ చేయడమంటే మంజూరు చేయడమా, శిక్షించడమా?

వేయిస్తంభాల వీధి:
హన్మకొండలో ఒక చిన్న పత్రికకు రాత్రిపూట ఇంగ్లీషు వార్తలను తెలుగు చేసి ఇస్తుంటాను. పోయిన వారం అమెరికా ఖజానా శాఖ ఒక నౌకా సంస్థను ‘శాంక్షన్’ చేసిందన్న వార్త వచ్చింది. నేను ఏమాత్రం అనుమానించకుండా ‘నౌకా సంస్థకు అమెరికా మంజూరు’ అని శీర్షిక పెట్టాను. మా సబ్ ఎడిటర్ అందరి ముందు ఆ కాగితాన్ని పైకెత్తి, ‘ఏమి మంజూరు చేశారయ్యా, బోనస్సా?’ అని అడిగారు. మా ఇంట్లో ఈ మాట తెలిసిందే మంచి అర్థంలో: నాన్నగారి పింఛను శాంక్షన్ అయింది, చెల్లెలి స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది. ఒకే క్రియకు ఇంత విరుద్ధమైన అర్థాలు ఎలా వచ్చాయి, ఏ వాక్యంలో ఏ అర్థమో ఎలా పోల్చుకోవాలి, తెలుగులో ‘సాంక్షన్’ అని రాయాలా ‘శాంక్షన్’ అని రాయాలా, తెలిసినవారు చెప్పగలరు.

కాజీపేట గూడ్సు బండి:
మీకు రెండు అర్థాలే తెలిశాయి, నాకు మూడోది కూడా తెలుసు: ఏమీ జరగకపోవడం. ఇల్లు కట్టుకోవడానికి ఒక బ్యాంకులో రుణం అడిగితే, ఆ అధికారి చేయి కలిపి ‘శాంక్షన్ అయింది, మిఠాయి తినిపించండి’ అన్నారు. అర కిలో కలాకంద్ ఇచ్చి, ఆ ధైర్యంతో మేస్త్రీకి బయానా కూడా ఇచ్చాను. నాలుగు నెలలు గడిచినా ఖాతాలో రూపాయి పడలేదు. అడిగితే, శాంక్షన్ అంటే ఇవ్వడానికి ఒప్పుకోవడం మాత్రమేనని, డబ్బు విడుదలను డిస్బర్స్‌మెంట్ అంటారని, మధ్యలో లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, మార్ట్‌గేజ్ ఉంటాయని పాఠం చెప్పారు. మంజూరు లేఖ అడుగున చిన్న అక్షరాలలో దానికొక గడువు కూడా రాసి ఉన్నదని అప్పుడు చూశాను. కాబట్టి అనువాదకులు ‘మంజూరు’ అని రాసేటప్పుడు, చేతికి అందినట్లు ధ్వనించకుండా జాగ్రత్త పడాలని మనవి.

మాజీ గుమాస్తా, జనగామ:
గూడ్సు బండి గారి బాధ న్యాయమైనదే కాని, అందులో మాట తప్పేమీ లేదు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఫైళ్లు మోసినవాణ్ణి. ఉత్తర్వులో ‘శాంక్షన్ ఈజ్ హియర్‌బై అకార్డెడ్’ అని ఉంటే ఖర్చు పెట్టడానికి అధికారం వచ్చిందని అర్థం, డబ్బు వచ్చిందని కాదు. రోడ్డు పని ఉన్నదనుకోండి, ముందు పరిపాలనా శాంక్షన్, ఆ తరువాత ఇంజనీర్ల సాంకేతిక శాంక్షన్, ఆపైన టెండరు. కంకర పడేది ఆ తరువాతనే. శాంక్షన్డ్ పోస్టుల సంఖ్య వేరు, కుర్చీలో మనిషి ఉన్న పోస్టుల సంఖ్య వేరు. ఇంకొక సంగతి వినండి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వోద్యోగిపై కేసు నడపాలంటే ముందుగా పై అధికారి శాంక్షన్ కావాలి. అక్కడ ఆ మాటకు శిక్ష అని అర్థం చెప్పుకుంటే కొంప మునుగుతుంది. అది శిక్షకు దారి తీయగల విచారణకు ఇచ్చే అనుమతి. మా ఆఫీసులో ఒక కొత్త కుర్రవాడు ‘శాంక్షన్ వచ్చింది’ అన్న వార్త విని, సదరు ఉద్యోగికి అభినందనలు చెప్పి వచ్చాడు.

ఆంగ్లోపన్యాసకుడు:
డిగ్రీ కళాశాలలో 34 సంవత్సరాలు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పినవాడిగా ఈ చర్చను ఇక్కడితో ముగించగలను. శాంక్షన్ అన్న క్రియకు ఆమోదించడం అన్న ఒకే అర్థం ఉన్నది. బహువచన నామవాచకంగా ‘శాంక్షన్స్’ అన్నప్పుడు మాత్రమే ఆంక్షలని అర్థం. ఒక దేశాన్ని శాంక్షన్ చేశారని రాయడం విలేకరుల అజ్ఞానం. వేయిస్తంభాల వీధి గారూ, మీరు రాసిన శీర్షిక వ్యాకరణరీత్యా సరైనదే. తప్పు ఆ ఇంగ్లీషు వార్త రాసినవారిది.

నల్లకోటు:
గురువుగారికి నమస్కారం, కాని ఆ శీర్షిక సరైనదంటే ఆ అబ్బాయి ఉద్యోగం పోతుంది. ఈ మాటకు మూలం లాటిన్‌లోని ‘సాంకీరే’ అన్న క్రియ: పవిత్రమైనదిగా ప్రకటించి, ఇక ఉల్లంఘించరానిదిగా స్థిరపరచడం. దాని నుంచే ‘సాంక్టుస్’, అందులో నుంచే ఇంగ్లీషు ‘సెయింట్’ వచ్చాయి. రోమన్ చట్టంలో ‘సాంక్టియో’ అనే భాగం ఒకటి ఉండేది. చట్టాన్ని మీరినవాడికి ఏమి శిక్షో చెప్పే భాగం అది. అంటే చట్టానికి బలం ఇచ్చే ముద్రా, ఆ బలాన్ని చూపించే కొరడా ఒకే మాటలో పుట్టుక నుంచే ఉన్నాయి. నామవాచకంగా అది ముందే ఇంగ్లీషులోకి వచ్చింది. క్రియగా 18వ శతాబ్దం చివరలో, ముందు ఆమోదించడమన్న అర్థంలో వాడుకలోకి వచ్చింది. శిక్షించడమన్న అర్థంలో క్రియ 20వ శతాబ్దం మధ్యలో స్థిరపడింది. కొత్తది కాబట్టి గురువుగారికి రుచించకపోవచ్చు, కాని నిఘంటువులు దానిని ఎప్పుడో స్వీకరించాయి. ఇంగ్లీషు తత్త్వవేత్త బెంథామ్ 1789లో వెలువడిన గ్రంథంలో భౌతిక, రాజకీయ, నైతిక, మత శాంక్షన్లని నాలుగింటిని చెప్పి, మనిషిని దారిలో ఉంచే సుఖమూ దుఃఖమూ రెండూ వాటి కిందికే వస్తాయన్నాడు.

సనాతన శబ్దం:
ఇంత దూరం లాటిన్ దాకా ఎందుకు వెళ్లాలి? ‘సాంక్టుస్’ అన్నది మన ‘శాంత’ శబ్దమే. శాంతి కోసం ఇచ్చే అనుమతి శాంక్షన్.

నల్లకోటు:
‘శాంత’ అన్నది ‘శమ్’ ధాతువు నుంచి వచ్చింది, అణగడం దాని అర్థం. లాటిన్ మాటలోని ‘క్’ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా రెండింటినీ ఒకే కాడికి కట్టడం కుదరదు. మీ లెక్కన సంక్షేమం, సంక్షోభం కూడా శాంక్షన్‌కు చుట్టాలే అవుతాయి.

పాకాల గట్టు:
మూలం ఏదైతే నాకేమి. పత్రికలు ‘మంజూరు’ అని ఎందుకు రాస్తాయి? చక్కగా ‘ఆమోదం’ అనే తెలుగు మాట ఉండగా నిజాం కచేరీ మాటలను ఇంకా ఎన్నాళ్లు మోయాలి?

కోట చౌరస్తా:
పాకాల గట్టు అన్నా, ‘ఆమోదం’ తెలుగు మాట అని మీకెవరు చెప్పారు? అది సంస్కృతం, అసలు అర్థం పరిమళం, సంతోషం. మీరు రుణాన్ని ఆమోదిస్తే దానికి మల్లెపూల వాసన వస్తుందా? ‘మంజూరు’ అరబ్బీలో ‘చూడబడినది’ అన్న మాట. ‘నజర్’ ఏ ధాతువు నుంచి వచ్చిందో ఇదీ ఆ ధాతువు నుంచే వచ్చింది. అధికారి కంట పడిన కాగితమే మంజూరు. ప్రభుత్వ కార్యాలయాలలో పని జరిగే తీరును ఇంత సూటిగా చెప్పే మాట ఇంకొకటి లేదు.

పాకాల గట్టు:
మా తాతగారు ఉర్దూ రాక తహసీలు కచేరీ మెట్ల మీద రోజంతా కూర్చుని, దర్ఖాస్తు రాసిపెట్టేవాడికి కోడిపుంజు ఇచ్చి వచ్చేవారు. ఆ భాషను ముద్దు చేయడం మీకు వేడుకగా ఉండవచ్చు.

కోట చౌరస్తా:
మా తాతగారు కూడా ఆ మెట్ల మీదే కూర్చున్నారు. 1880లలో హైదరాబాదు రాజ్యం ఫారసీ స్థానంలో ఉర్దూను పాలనా భాష చేసింది. దానివల్ల రైతు పడ్డ బాధను నేను కాదనడం లేదు. కాని ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్లే మంజూరు, నామంజూరు, జప్తు, జుర్మానా అన్న మాటలను ఇంటికి తెచ్చుకున్నారు. ఇచ్చిన దానికి మంజూరు, ఇవ్వని దానికి నామంజూరు, వేసిన దానికి జుర్మానా. ఎక్కడా తికమక లేదు. ఒకే మాటతో ఇవ్వడమూ కొట్టడమూ చేసింది ఇంగ్లీషు. మీ కోపాన్ని అటు తిప్పండి.

మాజీ గుమాస్తా, జనగామ:
మీరిద్దరూ తాతలను వదిలిపెట్టి క్రియ దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాను.

డెట్రాయిట్ నుంచి నర్సంపేట:
ఇక్కడ వార్తలలో శిక్ష అర్థమే నాకు ఎక్కువగా వినిపిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు కృత్రిమ మేధ కల్పించిన, అసలు లేని తీర్పులను కోర్టుకు సమర్పించారు. న్యాయమూర్తి వారిని ‘శాంక్షన్’ చేసి 5,000 డాలర్లు జరిమానా వేశారు. ఆ వార్తను మా మేనమామకు ఫోన్‌లో చెబితే, ‘తప్పు చేసినవాళ్లకు కోర్టు డబ్బులు శాంక్షన్ చేసిందా, బాగున్నది మీ దేశం’ అన్నారు. కోర్టులలో పని చేసేవారికి ఈ రెండో అర్థం విలేకరుల అజ్ఞానం కాదని గురువుగారు గమనించాలి.

ఆంగ్లోపన్యాసకుడు:
నా విద్యార్థులు నాలుగు ఖండాలలో ఉన్నారు, వారిలో ఒక్కరు కూడా నాకు ఎదురు చెప్పలేదు. అయినా అమెరికా వాడుకను ఇంగ్లీషు అనుకుంటే ఇక మాట్లాడడం వృథా. ‘టేబుల్’ అన్న క్రియను చూడండి: బ్రిటిష్‌వారికి చర్చకు పెట్టడం, అమెరికన్లకు చర్చను పక్కన పెట్టడం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇరు దేశాల సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరినది ఒకటేనని చర్చిల్ తన జ్ఞాపకాలలో రాశాడు.

నల్లకోటు:
చక్కటి ఉదాహరణ. కాని ‘టేబుల్’ రెండు దేశాల తగాదా. శాంక్షన్‌లో రెండర్థాలూ ఒకే దేశంలో, ఒకే మనిషి నోట ఉంటాయి. మీ వాదనలో ఒక నిజం ఉన్నదని ఒప్పుకుంటాను: పద్ధతిగా రాసేవారు నేటికీ ఒక దేశంపై ‘ఇంపోజ్ శాంక్షన్స్’ అనే రాస్తారు, క్రియను శిక్షకు వాడకుండా తప్పించుకుంటారు. ఎందుకంటే ‘ది కమిటీ డిడ్ నాట్ శాంక్షన్ హిజ్ కాండక్ట్’ అంటే, కమిటీ అతని ప్రవర్తనను ఆమోదించలేదనా, శిక్షించకుండా వదిలేసిందనా, రాసినవాడు పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

ఆంగ్లోపన్యాసకుడు:
నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

చపాటా మిర్చి:
మొదటి నుంచీ చెప్పినది అది కాదు సార్, పైకి వెళ్లి చదువుకోండి. నాకు ఇలాంటి క్రియ ఇంకొకటి తెలుసు. పత్తికి పొడి మందు చల్లడాన్ని మేము డస్టింగ్ అంటాము. మా పాప బడిలో నేర్చుకున్నది మాత్రం డస్టింగ్ అంటే దుమ్ము దులపడమని. నేను చేలో దుమ్ము వేసి వస్తే, తను ఇంట్లో దుమ్ము తీస్తుంది, ఇద్దరిదీ డస్టింగే. ఉర్దూలో ‘కల్’ అంటే నిన్నా అదే, రేపూ అదే. ఏనుమాముల మార్కెట్‌లో డబ్బులు ఎప్పుడిస్తావని అడిగితే సేటు ‘కల్’ అన్నాడు, అది ఏ కల్‌నో నాకు ఇంకా తెలియలేదు.

ఊరి పెద్దమనిషి, పరకాల:
ఇంత చదివిన వాళ్లు మన ఊరి మాటను మరచిపోయారు. పంచాయితీలో కట్టుబాటు మీరినవాడు ‘తప్పు’ కట్టాలి అంటారు. చేసినదీ తప్పే, దానికి కట్టే జరిమానా కూడా తప్పే. దండం సంగతి తీసుకోండి: పెద్దలకు పెట్టేదీ దండమే, దొంగకు వేసే దండన కూడా అందులో నుంచి వచ్చినదే. కట్టుబాటు చేసి, అందరి చేత ఒప్పించి, మీరితే ఇంత అని తేల్చేదాకా ఊళ్లో అది ఒకే పని. ఆ రోమనువాళ్లూ అట్లాగే అనుకుని ఉంటారు. ఇందులో నాకు వింతేమీ కనిపించడం లేదు.

నల్లకోటు:
పెద్దాయనా, నేను లాటిన్‌లో చెప్పలేక తడబడ్డ దానిని మీరు ఒక్క ‘తప్పు’తో చెప్పారు.

వేయిస్తంభాల వీధి:
అందరికీ కృతజ్ఞతలు. నాకు అర్థమైన మేరకు ఒక గురుతు పెట్టుకున్నాను. క్రియకు కర్మగా రుణమో, పోస్టో, ఇంటి ప్లానో, ఖర్చో ఉంటే మంజూరు. మనిషో, సంస్థో, దేశమో ఉంటే ఆంక్ష లేదా శిక్ష. తెలుగులో రాసేటప్పుడు మొదటి దానికి ‘కు’ వస్తుంది, రెండో దానికి ‘పై’ వస్తుంది; నా శీర్షికలో ‘సంస్థకు’ అన్నప్పుడే తప్పులో కాలు వేశాను.

మాజీ గుమాస్తా, జనగామ:
గురుతు బాగుంది, కాని నూటికి నూరు పాళ్లు నమ్మవద్దు. ‘స్టేట్ శాంక్షన్డ్ టార్చర్’ అని వస్తే అది ప్రభుత్వం శిక్షించిన హింస కాదు, ప్రభుత్వం అండతో జరిగిన హింస. పాత వార్తలు తిరగేస్తే 1935లో ఇథియోపియాపై దాడి చేసిన ఇటలీపై నానాజాతి సమితి, 1966లో రొడీషియా (నేటి జింబాబ్వే)పై ఐక్యరాజ్య సమితి, 1998 మే నెల పోఖ్రాన్ పరీక్షల తరువాత మనపై అమెరికా విధించినవన్నీ ఆంక్షలే. ఆ సంవత్సరం మా ఆఫీసులో ‘భారత్‌కు శాంక్షన్’ అని చదివి సంతోషించినవారు ఒకరు ఉన్నారు. ఆ ఒకరు నేనే.

వేయిస్తంభాల వీధి:
ఇప్పుడు మనసు తేలికపడింది సార్. ‘నౌకా సంస్థపై అమెరికా ఆంక్షలు’ అని సవరణ వేయించాను. ఇక మిగిలింది ఒకటే, సాంక్షన్ అని రాయాలా, శాంక్షన్ అని రాయాలా?

ఆంగ్లోపన్యాసకుడు:
ఇంగ్లీషులో మొదటి ధ్వని ‘స’కారమే. ‘సాంక్షన్’ అని రాయాలి.

కోట చౌరస్తా:
వరంగల్‌లో ఎవరి నోట అయినా ఆ ‘స’ వినిపిస్తే నాకు చెప్పండి సార్. వెనుక ఉన్న ‘ష’ ముందరి దానిని కూడా తన వైపు లాక్కుంటుంది.

కాజీపేట గూడ్సు బండి:
స రాసినా, శ రాసినా, ఈ రోజు కూడా డబ్బు పడలేదు. మేస్త్రీ బయానా తిరిగి ఇవ్వనంటున్నాడు.