‘చూపు సారించడం’: ఫొటోల్లో గీతలకు తెలుగు మాట

ప్రశ్న: ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నాను. ఫొటోలో చూపును ఒకచోటికి తీసుకెళ్లే గీతలను ఇంగ్లీషులో లీడింగ్ లైన్స్ అంటారు కదా, వాటిని ‘మార్గదర్శక రేఖలు’ అని రాస్తే చదివినవాళ్లకు ఏమీ అర్థం కావడం లేదు. ఇంతకన్నా తేలికైన మాట చెప్పగలరా అండీ?

జవాబు: పేరు వెతికే ముందు ఆ గీత ఏం పని చేస్తుందో చూద్దామండి. ఆ పనికి మనకు మంచి పలుకుబడి ఉంది: చూపు సారించడం. పేపర్లలో ‘అధికారులు దృష్టి సారించారు’ అని చదివి చదివి, దానికి శ్రద్ధ పెట్టడం అన్న అర్థమే మిగిలినట్టు అనిపిస్తుంది. సారించడమంటే చాచడం, సాగదీయడం. ‘వింటినారి సారించాడు’ అన్నప్పుడు ఆ లాగడం కళ్లకు కడుతుంది. చూపు సారించడంలోనూ అలాంటి కదలికే ఉంది, దగ్గర్నుంచి దూరానికి చూపు సాగుతుంది. ఫొటోలో గీత చేయించేది సరిగ్గా అదే. అందుకని నేనైతే ‘చూపును నడిపే గీతలు’ అని రాస్తాను. ఒక్క ముక్కలో కావాలంటే ‘చూపుదారులు’.

పాఠంలో ఒక ఉదాహరణ తప్పకుండా పెట్టండి. వంతెన మీద రెయిలింగ్ పక్కన నిలబడి మామూలు ఎత్తులో ఫొటో తీస్తే, రెయిలింగ్ ఫ్రేములో ఒక పక్కన ఏదో ఉన్నట్టు ఉంటుంది, అంతే. అక్కడే వంగి, కెమెరాను రెయిలింగ్‌కి దాదాపు ఆనించినంత దగ్గరగా పెట్టి చూడమనండి. దగ్గరి కొస లావుగా ఫ్రేము మూల నుంచి మొదలై, పోనుపోను సన్నబడుతూ అవతలి ఒడ్డు దాకా పోతుంది. ఒడ్డున ఉన్న మనిషి వేలెడంత కనిపించినా చూపు నేరుగా అక్కడికే వెళ్తుంది. ఇదంతా వైడ్ లెన్స్ మహిమ అనుకుంటారు గానీ, గీత అలా సన్నబడటం మనం నిలబడిన చోటును బట్టి ఉంటుంది. 24 ఎంఎం లాంటి వైడ్ లెన్స్ చేసే మేలల్లా, అంత దగ్గరికి వెళ్లినా దృశ్యాన్ని ఫ్రేములో పట్టించడం.

ఇంకో మాట కూడా పాఠంలోకి తెచ్చుకోండి: ఆనడం. పెద్దవాళ్లు ‘కళ్లు ఆనడం లేదు’ అంటారు కదా. ఆనడమంటే తాకి నిలవడం. సారించిన చూపు ఎక్కడో ఒకచోట ఆనాలి. అందమైన దారి, దాని చివర ఏమీ లేదు, అలాంటి ఫొటోలు బోలెడు కనిపిస్తాయి. చూపు దారెంట పోయి ఫ్రేము అంచు దాటి బయటపడుతుంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్‌లో తీసిన ఫొటో చూడండి. పైనుంచి చూస్తే మెలిక తిరిగిన మెట్లు, వాటి ఇనప రెయిలింగ్, కింద వంపు తిరిగిన వీధి. ఆ వంపులన్నీ చూపును తిప్పి తిప్పి ఒక సైకిల్ మనిషి దగ్గర దింపుతాయి. ఆయన కాస్త మసకగానే ఉంటాడు. అయినా చూపు ఆనేది అక్కడే. ఆ సైకిల్ లేకపోతే మిగిలేది మంచి మెట్ల ఫొటో.

మరొకరు: మరి అడ్డగీతల సంగతేంటి? సముద్రం ఫొటోలో నీళ్లూ ఆకాశమూ కలిసే చోట కనిపించే గీత కూడా చూపుదారేనా?

జవాబు: దాన్ని చూపుదారి అనలేమండి. అడ్డగీత చూపును ముందుకు పంపదు, స్థిమితంగా కూర్చోబెడుతుంది. అందుకే అది ఒక్క డిగ్రీ ఒరిగినా సముద్రం ఓ పక్కకు కారిపోతున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. ఫోన్ కెమెరాలో గ్రిడ్, అంటే తెర మీద కనిపించే అడ్డం నిలువు గీతలు, ఆన్ చేసుకుంటే ఆ తిప్పలు తప్పుతాయి. నిలువు గీతలకు చిక్కు వేరు. ఫోన్‌ను పైకి చూసేలా వంచి తీస్తే భవనాలు వెనక్కి వాలినట్టు వస్తాయి. వీలైతే వెనక్కి నడిచి, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయాలి.

కదలిక కావాలంటే ఐమూల గీతలు. లెక్కల పుస్తకంలో ‘వికర్ణం’ ఉంది గానీ, ‘ఐమూలగా’ అనగానే ఈ మూల నుంచి ఆ మూలకు చెయ్యి దానంతటదే కదులుతుంది. పాఠంలో ఈ మాటే వాడండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1907లో ఓడ మీద తీసిన ‘ది స్టీరేజ్’ అనే ప్రసిద్ధ ఫొటోలో తెల్లటి నడకవంతెన ఒకటి ఫ్రేముకు అడ్డంగా, ఏటవాలుగా పోతుంది. పై డెక్ మీది జనాన్నీ కింది డెక్ మీది జనాన్నీ అది విడదీస్తుంది. పైగా ఆ రెండు గుంపుల మధ్యా మన చూపును తిప్పేది కూడా అదే. నాకు చాలా ఇష్టమైన ఫొటో అది.

మొదట అడిగినవారు: ‘చూపుదారి’ ఖాయం చేసుకున్నాను. కానీ రేఖ అనే మాట పూర్తిగా వదిలేస్తే శాస్త్రీయంగా లోటు కాదా?

జవాబు: రేఖాగణితం పాఠమైతే లోటే. ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే, ఫొటోలో కొన్ని దారులకు గీతే ఉండదు. కిటికీ దగ్గర కూర్చున్న మనిషి బయటికి చూస్తుంటే, మనమూ తెలియకుండానే అటే చూస్తాం. ఆ ముఖానికీ కిటికీకీ మధ్య ఏ గీతా లేదు, ఉన్నది ఆ మనిషి చూపు ఒక్కటే. దాన్ని రేఖ అంటే చదివేవాళ్లు ఫొటోలో వెతుక్కుంటారు, చూపుదారి అంటే ఇట్టే పట్టేస్తారు. ఆ మనిషి ఎటు చూస్తుంటే అటువైపు ఫ్రేములో ఎక్కువ చోటు వదలాలన్న సంగతి కూడా ఇదే పాఠంలో చెప్పేయొచ్చు.