1500 రేటింగ్‌తో 1900 వాళ్లతో కరస్పాండెన్స్ డ్రా: అవతలోడు ఎక్కడ జారినట్టు?

హన్మకొండ64:
ఒక్కో ఎత్తుకు రోజుల టైమ్ ఉండే కరస్పాండెన్స్ ఆట, నాది నలుపు. చివర్ల తెల్ల కింగ్ డి5, రూక్ (ఏనుగు) ఏ7, బంటు ఇ5. నా కింగ్ ఇ8, రూక్ హెచ్6. ఇంజిన్ (చెస్ ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) వాడలేదు. 41వ ఎత్తుకు ముందు రూక్‌లతో పాటు ఆయనకు ఇ, బి బంట్లు, నాకు బి బంటు ఉండె. బి బంట్లు మారినంక డ్రా అయింది. ఇది ఆయన పొరపాటా, నా అదృష్టమా? రేటింగ్ ఎంత పెరగాలె?

కాజీపేట రూక్:
అదృష్టం కాదు తమ్మీ, ఇది ఫిలిడోర్ పొజిషన్, అంటే ఒక బంటు తక్కువున్నోడు రూక్‌తో డ్రా కాపాడుకునే పేరున్న స్థితి. మన గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి అవతల కూర్చున్నా డ్రానే. నీ రూక్ ఆరో వరుసల ఉన్నంతసేపు ఆయన కింగ్ ఆ వరుసకు రాలేదు. అందుకే జీ6, హెచ్6 అనుకుంట ఊరికే తిప్పుతుండాలె. ఆయన బంటును ఇ6కు నూకిన ఎత్తుకే రూక్‌ను హెచ్1కు దించాలె. ఇప్పుడు కింగ్ డి6కు వస్తే ఏ8 మీద మేటు బెదిరింపు ఉంటది, కాబట్టి ఆగకుండ డి1 చెక్. బంటు ముందుకు పోయింది గనుక కింగ్‌కు తలదాచుకునే చోటు లేదు, ఇ5కు వస్తే ఇ1 చెక్.

చాలామంది తప్పు చేసేది ఇక్కడనే. బంటు కదలకముందే రూక్‌ను కిందికి తెస్తరు. అప్పుడు కింగ్ ఇ6కు ఎక్కి, బంటు ఎనుక ఉన్నా మేటు బెదిరిస్తది. వెంటనే ఓడిపోవు గానీ, కింగ్‌ను జరపాల్సొస్తే ఎఫ్8కు, అంటే బంటుకు తక్కువ నిలువు వరుసలున్న చిన్న వైపుకు జరపాలె, లేకపోతే కథ అయిపోతది. ఇంకో తప్పు, రూక్‌ను ఎనిమిదో వరుసల కట్టేసుకోవడం. ఆ కాపు అంచు బంటు (ఏ, హెచ్), గుర్రం బంటు (బి, జీ) మీదనే నిలుస్తది. ఇ బంటు మీద ఓటమే.

ఓరుగల్లు బంటు:
అసలు సంగతి 41వ ఎత్తులనే ఉంది. బంటు ఎక్కువున్నోడు బంట్లు మార్చొద్దు, పావులు మార్చుకోవాలె. రెండు వైపుల బంట్లుంటే నీ కింగ్ ఒక దిక్కు, రూక్ ఒక దిక్కు ఉరకాలె. బి బంటు పోయినంక ఆ కష్టం తప్పింది. రూక్ ఎండ్‌గేమ్‌ల ఒక్క వైపే మిగిలితే నాలుగుకు మూడు బంట్లున్నా తరచుగా డ్రానే.

లెక్క: 400 తేడాకు రేటింగ్ లెక్కగట్టే ఈలో సూత్రం నీకు 0.09 పాయింటే ఆశిస్తది, నీకొచ్చింది 0.5. కె విలువ (ఒక ఆటకు రేటింగ్ ఎంత కదలాలో చెప్పే అంకె) 20 అయితే 0.41 × 20, అంటే 8 దాకా పెరుగుతవు, ఆయనకు అంతే తగ్గుతది. లీచెస్ వెబ్‌సైట్‌ల గ్లికో-2 అనే ఇంకో రేటింగ్ పద్ధతి కాబట్టి లెక్క వేరే, కొత్త ఖాతా అయితే ఇంకా ఎక్కువ కదులుతది.

కాజీపేట రూక్:
ఇంజిన్ మాట: లీచెస్, చెస్‌డాట్‌కామ్‌ల కరస్పాండెన్స్‌కు ఇంజిన్ నిషేధం, ఓపెనింగ్ పుస్తకాలు చూసుకోవచ్చు. అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య ఐసీసీఎఫ్‌ల మాత్రం ఇంజిన్‌కు అనుమతి ఉంది. ఏ వేదికల ఆడుతున్నవో, ముందు ఆ నియమం చదువు.