చీటర్ స్లిక్కులు వేశాక విల్లీస్ కూపే రోడ్డు పట్టట్లేదు, ఎక్కడ చూడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఉండేది ఒహాయోలో. మూడేళ్లుగా గరాజ్‌లో కట్టుకుంటున్న 1941 విల్లీస్ కూపే మొత్తానికి రోడ్డెక్కింది. బాడీ ఫైబర్‌గ్లాస్, ఇంజను 350 క్యూబిక్ అంగుళాల షెవీ (షెవర్లే), నాలుగు గేర్లు, వెనక ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్, ముందు కమాన్ల మీద ఐ-బీమ్ యాక్సిల్. పాతకాలం గ్యాసర్ (1960లనాటి ఎత్తు డ్రాగ్ రేసు కారు) లాగే ముక్కెత్తి ఉంటుంది. మొన్నటిదాకా బాగానే నడిచింది. డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసు ట్రాక్‌కి) వెళ్దామని వెనక 27 అంగుళాల టైర్లు తీసి 31 అంగుళాల చీటర్ స్లిక్కులు (పేరుకి కాస్త గాళ్లున్న రేసు టైర్లు) వేశా. అప్పట్నుంచి 50 మైళ్లు దాటితే బండి అటూ ఇటూ పోతోంది. మలుపు తిప్పాక స్టీరింగ్ మధ్యకు రావట్లేదు. అలైన్‌మెంట్ షాపతను ఇలాంటి కారు ఎప్పుడూ చూడలేదని చేతులెత్తేశాడు. స్టీరింగ్ బాక్స్ మార్చాలా? మా ఆవిడ ఇప్పటికే రసీదులు లెక్కపెడుతోంది, అదో టెన్షన్.

జవాబు:
బాక్స్ జోలికి వెళ్లకండి. టైర్లు మార్చాకే మొదలైందని మీరే చెప్పారు. టైరు వ్యాసం 4 అంగుళాలు పెరిగితే తోక 2 అంగుళాలు లేస్తుంది. మీ బండి వీల్‌బేస్ 104 అంగుళాలు కాబట్టి ఛాసిస్ డిగ్రీ పైచిలుకు ముందుకు వాలింది, దాంతోపాటే కింగ్ పిన్ (ముందు చక్రం కుడీ ఎడమలకి తిరిగే పిన్ను) కూడా. కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలి ఉండటాన్నే కాస్టర్ అంటాం. సైకిల్ చేతులు వదిలేసి తొక్కగలుగుతున్నామంటే అందులో ఫోర్కు వాలుకీ వాటా ఉంది. ముక్కెత్తడం వల్లే గ్యాసర్లు దారి తప్పుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ముక్కెత్తితే కాస్టర్ పెరుగుతుంది, తోకెత్తితే తగ్గుతుంది. మీకు మొదట్నుంచీ తక్కువే ఉండి, ఇప్పుడు బయటపడినట్టుంది.

మొదట జాకీ వేసి ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కింగ్ పిన్‌లో ప్లే ఉంటే మిగతా కొలతలన్నీ దండగ. లేదంటే బండిని చదునైన నేల మీద పెట్టి, యాక్సిల్ మీద కమాను కూర్చునే చోట యాంగిల్ గేజ్ పెట్టండి. అక్కడ ఎంత వాలు ఉంటే సుమారుగా అంతే కాస్టర్. 5 నుంచి 7 డిగ్రీలు కావాలి. టో-ఇన్ (ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండటం) 1/8 అంగుళం చాలు. అన్నట్టు, ముందు ఏ టైర్లున్నాయి?

ప్రశ్న అడిగినవారు:
ప్లే లేదండి. గేజ్ 2.5 చూపిస్తోంది. ముందు రేడియల్ టైర్లు.

జవాబు:
దొరికింది. కమానుకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే 4 డిగ్రీల ఉక్కు వెడ్జిలు (ఏటవాలు ముక్కలు) కొనండి. అల్యూమినియంవి చవకే కానీ నలిగిపోతాయి, వద్దు. కమాను యాక్సిల్ పైన కూర్చుంటే వెడ్జి మందపు వైపు వెనక్కి రావాలి. తిరగేసి పెడితే ఉన్న కాస్టర్ కూడా పోతుంది. నేనోసారి తిరగేసి పెట్టి, ఇంటి సందు చివరిదాకా వెళ్లి గుండె అరచేతిలో పెట్టుకుని వెనక్కొచ్చా. యు-బోల్టులు 100 మైళ్లు తిరిగాక మళ్లీ బిగించండి. ఇంకోటి, వెనక మీ స్లిక్కుల్లాంటి బయాస్ ప్లై (దారాల పొరలు ఏటవాలుగా ఉండే పాతరకం టైర్లు), ముందు రేడియల్ కలిపితే కాస్టర్ సరిచేసినా బండి కొంత ఈదుతూనే ఉంటుంది. ముందూ బయాస్ ప్లై వేయండి.

మరో సభ్యుడు:
తమ్ముడూ, ఇంత గోల దేనికి? ముక్కు దించి డిస్క్ బ్రేకుల కొత్త సస్పెన్షన్ వేసెయ్. ఇప్పటి టైర్లకి ఆ ఎత్తుతో పనేముంది?

జవాబు:
గ్రిప్ వరకూ మీ మాట నిజమే అన్నా, కానీ అప్పుడది గ్యాసర్ కాదు. 1960లలో టైర్లు అంతగా పట్టేవి కావు. బరువును వెనక చక్రాల మీదికి నెట్టడానికే బండిని ఎత్తేవారు. బండి 2600 పౌన్లు, గరిమనాభి 26 అంగుళాల ఎత్తులో ఉందనుకోండి. 1 జీ త్వరణంతో (గురుత్వాకర్షణంత జోరుతో) లేస్తే ఎత్తుని వీల్‌బేస్‌తో భాగించినంత, అంటే నాలుగో వంతు, 650 పౌన్లు వెనక్కి పోతుంది. అందరూ ఇంకా ఇంకా ఎత్తుకుంటూ పోతారనే, క్రాంక్‌షాఫ్ట్ మధ్యభాగం నేల నుంచి 24 అంగుళాలు దాటకూడదని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ గ్యాస్ క్లాసులకి రూలు పెట్టింది. పైగా ఈయన ఉండేది ఒహాయోలో. విల్లీస్‌లు తయారైంది టొలీడోలో, 1933 విల్లీస్‌తో పేరు తెచ్చుకున్న గ్యాసర్ రేసర్ ‘ఒహాయో జార్జ్’ మాంట్‌గోమరీది డేటన్, రెండూ ఒహాయోలోవే. అక్కడ ముక్కు దించమంటే ఎలా! 1941 కూపేకి కంపెనీ ఇచ్చిన 134 క్యూబిక్ అంగుళాల ఇంజను మన ఊళ్లలో తిరిగిన విల్లీస్ జీపు ఇంజనుకి సొంత అన్నదమ్ముడే, చాలామందికి తెలియదు.

ప్రశ్న అడిగినవారు:
వెడ్జిలు వేశా. ఇప్పుడు 6.5. నిన్న 65 మైళ్లలో పోయినా గీత గీసినట్టు వెళ్లింది. పార్కింగ్‌లో మాత్రం స్టీరింగ్ బరువెక్కింది.

జవాబు:
కాస్టర్ పెరిగితే అంతే, అలవాటైపోతుంది. గతుకు తగిలినప్పుడు చక్రాలు గజగజలాడితే మాత్రం ఆపి చూడండి, అది వేరే జబ్బు. స్ట్రిప్‌కి వెళ్లేముందు డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (షాఫ్ట్ విరిగితే కిందపడకుండా పట్టే ఉక్కు పట్టీ) ఉందో లేదో చూసుకోండి. స్లిక్కులతో పావు మైలు 13.99 సెకన్లు, అంతకన్నా తక్కువలో పోయే బండికి అది తప్పనిసరి. ఆ టైముకి హెల్మెట్ కూడా ఉండాలి. ముందు బయాస్ ప్లై టైర్లు వచ్చేదాకా మాత్రం స్ట్రిప్ మాట ఎత్తకండి.