గోల్ఫ్: బంతి లేవట్లేదు, ఫుల్ సెట్ కొంటే లేస్తుందా?

కోకాపేట కొత్తోడు:
నమస్తే అందరికీ. వయసు 41, క్రికెట్ తప్ప వేరే ఆట తెలీదు. ఆఫీసు వాళ్లతో మూడు ఆదివారాలుగా డ్రైవింగ్ రేంజ్‌కి (గోల్ఫ్ బంతులు కొట్టి ప్రాక్టీసు చేసే చోటు) వెళ్తున్నా. రెండు బుట్టల బంతులు కొడితే గాల్లోకి లేచినవి పదో పన్నెండో. మిగతావి నేల మీద పాకుతూ పోతున్నాయి, లేదంటే బంతి కంటే ముందు మ్యాట్ ధడేల్‌మంటోంది. ఎడమ బొటనవేలికి బొబ్బ కూడా. పక్కన ఎనిమిదేళ్ల పాప టప్ టప్‌మని కొడుతుంటే సిగ్గేసింది. గోల్ఫ్ కర్రల పాత ఫుల్ సెట్ ఒకటి అమ్మకానికి ఉంది. కొననా, కోచ్‌కి పెట్టనా ఆ డబ్బు?

పటాన్‌చెరు పెద్దన్న:
తమ్ముడూ, సెట్ కొనకు. రిటైరైన నెలలనే నేను కొన్న. అండ్ల రెండు క్లబ్బులకు, అంటే కర్రలకు, కవర్లు ఇప్పటికీ తియ్యలే. బ్యాగుల 14కు మించి ఉండొద్దని రూలుంది గాని, తక్కువుంటే అడిగేటోడు లేడు. నడిమి దూరానికి సెవెన్ ఐరన్, దగ్గరి దెబ్బకు పిచింగ్ వెడ్జ్, బంతిని గుంతలకు దొర్లించనీకి పటర్. ఆర్నెల్లకు గివి చాలు.

ఇగ బంతి సంగతి. చిన్నప్పుడు చిర్రగోనె ఆడినవా? చిర్రను లేపి కొడతం గద, నేను గోల్ఫ్‌ల గూడ గదే చేసిన. బంతి కిందికి క్లబ్ దూర్చి ఎత్తబోయిన. ఎత్తబోతే ఒళ్లు వెనక్కి వాలుతది, క్లబ్ ముందే నేలకు తాకుతది. లేకుంటే పైకొస్తా బంతి నెత్తిన తగుల్తది, అది పాక్కుంట పోతది. నీ రెండు రోగాలు ఒక్కటే. లేపే పని నీది కాదు, క్లబ్ మొహానికి ఉన్న వాలుది. సెవెన్ ఐరన్‌కు 30 డిగ్రీలు అటూఇటూ ఉంటది ఆ వాలు. నువ్వు కిందికే కొట్టు, ముందు బంతి, ఆ తర్వాత గడ్డి.

బంతికి జానెడు వెనక చేతిరుమాలు మడిచి పెట్టి సగం ఊపుతోని కొట్టు. రుమాలు లేచిందంటే నేల ముందు తగిలినట్టే. నాకు మూడు వారాలు పట్టింది, ఇంట్ల రుమాళ్లు ఒడిసినయి.

బొబ్బంటవా, బ్యాట్ లెక్క పిసుకుతున్నవ్. అరచేతిల కాదు, వేళ్లల్ల పట్టు. కుడిచేతి వాటమైతే గ్లోవ్ ఎడమ చేతికి ఒక్కటే. నేను షాపుల జత అడిగి నవ్వులపాలైన.

పటర్ పిచ్చి:
పెద్దన్న చెప్పింది నిజం. కానీ గ్రిప్ వరకైనా నాలుగైదు క్లాసులు కోచ్ దగ్గర తీసుకోండి, తప్పు పట్టు అలవాటైతే వదలదు. ఇంకోటి, పటింగ్ ఎవరూ నేర్చుకోరు. పార్ 72, అంటే 18 హోళ్లు 72 దెబ్బల్లో ముగించాలని లెక్కగట్టిన కోర్సులో, హోల్‌కి రెండు చొప్పున 36 దెబ్బలు పటర్‌కే లెక్క. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు. నేను ఇంట్లో దాని కన్నా సన్నటి స్టీలు గ్లాసు పడుకోబెట్టి కొడతా. గోల్కొండ నయాఖిల్లాలో గానీ, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో గానీ 18 హోళ్లు ఆడే మోజు అప్పుడే వద్దు. పోయిన బంతి వెతకడానికి రూలు ఇచ్చేది మూడు నిమిషాలే, మీకు జేబు నిండా బంతులు కావాలి.

కోకాపేట కొత్తోడు:
పెద్దన్నా, పొద్దున ఆరింటికే వెళ్లా. మొదటి దెబ్బకి బంతి కంటే రుమాలే దూరం పోయింది. రెండో బుట్ట సగమయ్యాక ఒక్కటి, ఒకే ఒక్కటి, చేతికి తగిలినట్టే తెలియకుండా లేచింది. ఆ పాప తిరిగి చూసింది. సెట్ వాడికి వద్దని మెసేజ్ పెట్టేశా.